ప్రాచీన ఈజిప్టు వైద్యం: కనిపించే గాయం, కనిపించని కారణం

వ్యాధికి కారణం ప్రకృతిలో ఉందా, దైవాగ్రహంలో ఉందా అన్న ప్రశ్నను ప్రాచీన ఈజిప్షియన్లు ఈనాటి రీతిలో వేసుకోలేదు. గాయం, ఎముక విరుపు వంటి వాటికి కారణం కళ్లెదుటే ఉండేది కనుక చికిత్స ప్రధానంగా చేతి నైపుణ్యంపై ఆధారపడేది. కారణం కనిపించని వ్యాధుల విషయంలో దేవతలు, భూతాలు, మృతుల ఆత్మలు అనుమానానికి గురయ్యేవి.

ఎడ్విన్ స్మిత్ పపైరస్ ఇందుకు మంచి నిదర్శనం. సుమారు క్రీ.పూ. 1600 నాటి ఈ గ్రంథంలో తల, మెడ, ఛాతీ, వెన్ను గాయాలకు సంబంధించిన 48 ఉదంతాలు ఉన్నాయి. ప్రతి ఉదంతంలోనూ గాయాన్ని ఎలా పరీక్షించాలో వివరించి, నయం చేయదగినదా, ప్రయత్నించి చూడవలసినదా, చికిత్సకు లొంగనిదా అన్న నిర్ణయాన్ని సూచించారు. గాయంపై మొదటి రోజు పచ్చి మాంసం, తరువాత తేనె, కొవ్వు, నార పీచు పెట్టాలన్నారు. తేనె సూక్ష్మజీవుల పెరుగుదలను అరికడుతుందని ఆధునిక పరిశోధనలు నిర్ధారించాయి. ఈ ఉదంతాలలో మంత్రం కనిపించేది ఒక్క తొమ్మిదవ దానిలోనే. అయితే అదే పపైరస్ వెనుక వైపున ఏటా ప్రబలే మహమ్మారిని పారదోలే మంత్రాలు రాసి ఉన్నాయి.

శరీరం లోపలి వ్యాధులకు సుమారు క్రీ.పూ. 1550 నాటి ఎబర్స్ పపైరస్ మరో వివరణ ఇస్తుంది. గుండె నుంచి అవయవాలన్నింటికీ ‘మెతూ’ అనే నాళాలు వెళతాయని, అవి రక్తాన్నే కాక గాలిని, మలినాలను కూడా మోస్తాయని భావించారు. ‘వెఖెదూ’ అనే హానికర పదార్థం ఒంట్లో వ్యాపిస్తే రోగం పుడుతుందన్నది వారి విశ్వాసం. విరేచన ఔషధాలకు ప్రాధాన్యం అందువల్లనే. ఈజిప్షియన్లు నెలనెలా వరుసగా మూడు రోజులు కడుపు శుభ్రపరచుకునేవారని క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు.

మహమ్మారి మాత్రం సింహముఖ దేవత సెఖ్మెత్ పంపేదని నమ్మేవారు. సంవత్సరాంతంలోని ఐదు అదనపు దినాలు ప్రమాదకరమైనవని భయపడి తాయెత్తులు ధరించేవారు. వ్యాధిని పంపే దేవతే దానిని ఉపశమింపజేయగలదు కనుక ఆమె పూజారులు వైద్యమూ చేసేవారు. ‘సునూ’ అనే వైద్యులు, సెఖ్మెత్ పూజారులు, మంత్రవేత్తలు ముగ్గురూ నాడి పరీక్షించడం గురించి ఎబర్స్ పపైరస్ ప్రస్తావిస్తుంది. వీరు పరస్పర విరోధులు కారు; ఒకే వ్యక్తి వైద్యుడిగా, పూజారిగా ఉన్న సందర్భాలూ ఉన్నాయి. మందు శరీరానికి, మంత్రం వ్యాధికి మూలమైన శక్తికి ఉద్దేశించినవి.

కనిపించని కారణం కోసం సాగిన ఆ అన్వేషణ నిరాధారమైనది కాదు. 1910లో మార్క్ ఆర్మండ్ రఫర్ సుమారు మూడు వేల ఏళ్ల నాటి రెండు మమ్మీల మూత్రపిండాలలో షిస్టోసోమా పరాన్నజీవి గుడ్లను కనుగొన్నారు. నీటిలోని సూక్ష్మమైన డింభకాలు చర్మం గుండా శరీరంలోకి చేరి ఈ వ్యాధిని కలిగిస్తాయి. దీనికి కారణమైన పురుగును థియొడోర్ బిల్హార్జ్ కైరోలో గుర్తించినది 1851లో. పంటకు, దాహానికి ఆధారమైన నీటిలోనే రోగం పొంచి ఉందని తెలుసుకునే సాధనం సూక్ష్మదర్శిని లేని ఆ కాలపు వైద్యులకు లేదు. చూడగలిగిన చోట వారు నిశితంగా చూశారు. చూపు ఆనని చోటుకు దేవతల పేర్లు పెట్టారు.