మీటరు చూడని మసి: పాలమూరు సొరంగ పనుల్లో డీజిల్ పొగ, శ్రామికుల శ్వాస సామర్థ్యం

సారాంశం: సొరంగంలో ఇంజన్ పొగను మన నిబంధనలు కార్బన్ మోనాక్సైడ్‌తో కొలుస్తాయి. ఊపిరితిత్తులను దెబ్బతీసేవి మాత్రం మసి, నైట్రోజన్ డయాక్సైడ్. కొలిచేది ఒకటి, కొట్టేది మరొకటి కావడమే అసలు లోపమని ఈ వ్యాసం వాదన.

క్షేత్రం

నల్గొండ ఫ్లోరైడ్ పల్లెలకు కృష్ణా నీరు అందించేందుకు పాలమూరు (పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా) ప్రాంతంలోని దోమలపెంట వద్ద మొదలుపెట్టిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం పొడవు 43.93 కిలోమీటర్లు. పైన అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉండటంతో నడుమ పక్కదారులు తవ్వలేదు. 2025 ఫిబ్రవరి 22న దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. దానికి పొగ కారణం కాదు. కానీ రక్షకులు లోకో రైలెక్కి పోవాల్సిన అంత దూరానికి గాలి కూడా గొట్టాల్లోనే పోవాలి.

పొగ పని

డీజిల్ ఇంజన్ అవసరానికి మించిన గాలితో మండుతుంది. అందుకే పెట్రోలు ఇంజన్ కంటే కార్బన్ మోనాక్సైడ్ తక్కువ, మసి ఎక్కువ. ఆ రేణువుల్లో చాలావరకు మైక్రాను కన్నా చిన్నవి. నేరుగా గాలితిత్తుల్లోకి దిగుతాయి. నైట్రోజన్ డయాక్సైడ్ నీటిలో అంతగా కరగదు కాబట్టి ముక్కు, గొంతు దాటి లోతుకు పోతుంది.

నార్వేలో 651 మంది నిర్మాణ కార్మికులపై 2004లో వెలువడిన అధ్యయనం సొరంగ కార్మికుల శ్వాస సామర్థ్యం తగ్గడంలో ఈ వాయువుకే పెద్ద పాత్ర ఉందని తేల్చింది. అది బ్లాస్టింగ్ నుంచీ, డీజిల్ నుంచీ వస్తుంది. 2012లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

కొలతల లోపం

భవన నిర్మాణ కార్మికుల 1998 కేంద్ర నిబంధనలు సొరంగంలో ఇంజన్ పొగ వదిలే చోట కార్బన్ మోనాక్సైడ్ 50 పీపీఎం దాటరాదన్నాయి. ఆ అంకె లోపలే ఉన్నా మసి దట్టంగా ఉండవచ్చు. ఐరోపా సమాఖ్య మసిలోని కార్బన్‌కే ఘనమీటరుకు 50 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది.

రెండో లోపం పరీక్షలో ఉంది. స్పైరోమెట్రీలో ముక్కుకు క్లిప్పు పెట్టి, గుండెల నిండా పీల్చిన గాలిని ఒక్క ఊపున గొట్టంలోకి ఊదిస్తారు. తొలి సెకనులో బయటపడే గాలి కీలకం. సాధారణంగా అంచనా విలువలో 80 శాతం దాటితే 'నార్మల్' అంటారు. మేస్త్రీ కండబలం చూసి తెచ్చిన మనిషి 110 శాతంతో పనిలో చేరాడనుకుందాం. నాలుగో వంతు పోగొట్టుకున్నా 82 దగ్గర ఉంటాడు; కాగితంపై ఆరోగ్యవంతుడే. 'దమ్ము వస్తుంది' అనేనాటికి నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

ముగింపు

పాలమూరు లేబర్ వలస వెళ్లి దేశమంతా డ్యాములు కట్టింది. ఇక్కడి దోమలపెంటలో చిక్కుకున్నవారు మాత్రం జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ల నుంచి వచ్చారు. వలస శ్రామికుడి సైటు మారితే పాత రికార్డు అక్కడే ఉండిపోతుంది. అందుకే పనిలో చేరిన రోజు ఊదిన అంకె కార్మికుడి చేతి కార్డులో ఉండాలి. ఏటా దానితోనే పోల్చాలి. లోకోలకు ఫిల్టర్లు బిగించడం, వీలైన చోట బ్యాటరీ ఇంజన్లు నడపడం, మసిని నేరుగా కొలవడం దానితోపాటు జరగాలి.