కింది రెక్కలు తెరవని కిటికీ

మా పిన్ని పెళ్ళి ఆల్బమ్ లావుపాటిది. మధ్యలో పల్చటి తెల్ల కాగితాలు, మూలల్లో ఫోటోలు దోపుకునే నల్ల కొసలు. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నమంతా దాన్ని ముందేసుకుని కూర్చున్నాను. వెతికింది మనుషుల కోసం కాదు, వాళ్ళ అత్తగారింటి వీధి కిటికీ కోసం. ఒక్క ఫోటోలోనూ లేదు. సత్యనారాయణ వ్రతం ఆ కిటికీ ముందే జరిగింది. కానీ కిటికీ ఉండాల్సిన చోట పూల దుప్పటి వేలాడుతోంది. వెనక నుంచి వెలుగు కొడితే మొహాలు నల్లగా పడతాయని ఫోటోగ్రాఫరే కట్టించాడట.

ఇప్పుడా ఇల్లు లేదు. పిన్ని వాళ్ళది కుక్కునూరు మండలం. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు ఖమ్మం జిల్లా నుంచి పశ్చిమ గోదావరికి వెళ్ళింది, 2022లో కొత్త జిల్లాలు వచ్చాక ఏలూరు జిల్లా అయింది. ఇల్లు ఉన్నచోటే ఉంది, జిల్లా మారింది, రాష్ట్రం మారింది. "ఉత్తరాల మీద ఏం రాయాలో మాకే తెలియడం లేదే" అని పిన్ని నవ్వేది. ఆ ఏడాది జులైలోనే భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంతటి వరద అదే. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారంటే మిగతాది మీరే ఊహించుకోండి. నీళ్ళు తీసిన తర్వాత మేం వెళ్ళేసరికి కిటికీ పై ఊచల్లో గడ్డి, ప్లాస్టిక్ సంచులు, ఎవరిదో చీర పీలిక చిక్కుకుని ఉన్నాయి. ఎక్కడిదాకా వచ్చిందని ఎవరినీ అడగక్కర్లేకపోయింది.

నేను కావాలని తీసిన మొదటి కిటికీ ఫోటో అదే. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు నా ఫోన్‌లో మూడు వందలకు పైగా కిటికీలున్నాయి. మా వారు "మనుషులు దొరకలేదా నీకు?" అంటారు.

ఈ పిచ్చి నాతో మొదలైంది కాదని చదివాక కాస్త ధైర్యం వచ్చింది. అసలు ఫోటో అనేదే కిటికీ దగ్గర పుట్టింది. కెమెరాతో తీసినవాటిలో నేటికీ మిగిలిన అన్నిటికంటే పాత ఫోటో ఫ్రాన్సులో నియెప్స్ అనే ఆయన తీసినది, 1826-27 ప్రాంతంలో. మేడమీది గది కిటికీలో కెమెరా పెట్టి, తారులాంటి పదార్థం పూసిన లోహపు రేకు మీద బయటి కప్పుల్ని, గోడల్ని పట్టాడు. అలా గంటల తరబడి ఉంచాల్సి వచ్చింది కాబట్టి అందులో ఎండ ఇటు గోడ మీదా ఉంటుంది, అటు గోడ మీదా ఉంటుంది. తూర్పూ పడమరా ఒకే ఫోటోలో!

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. కిటికీనే చూసినవాడు ఇంగ్లండులో టాల్బట్. 1835 ఆగస్టులో తన ఇంట్లోని చిన్న చిన్న అద్దాల కిటికీని కాగితం మీద పట్టాడు. నేటికీ మిగిలిన అతి పాత నెగటివ్ అది, తపాలా బిళ్ళంత ఉంటుంది. భూతద్దం పెడితే రెండు వందల దాకా గాజు పలకలు లెక్కపెట్టొచ్చని పక్కన రాసుకున్నాడు. కిటికీనే ఎందుకు ఎంచుకున్నాడంటే, చీకటి గదిలోంచి చూస్తే అన్నిటికంటే వెలుగుండేది అదే మరి. ఆయన ఇంటి చుట్టూ పెట్టే చిన్న చెక్క కెమెరాలను భార్య కాన్‌స్టెన్స్ 'ఎలుకల బోనులు' అనేదట. ఏ దేశంలోనైనా ఇల్లాలు ఇల్లాలే.

మన హైదరాబాదు విషయానికొస్తే, ఆరో నిజాం దగ్గర రాజా దీన్‌దయాళ్ పేరు మోసిన ఫోటోగ్రాఫరు. ఆయన 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టాడు. చుట్టూ ఎత్తు గోడలు, లోపల పనిచేసేది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషావిడ. పరదా స్త్రీలు ఫోటో తీయించుకోవాలంటే వెలుగు లోపలికి రావాలి, చూపు మాత్రం రాకూడదు. దీన్‌దయాళ్‌కు వచ్చిన ఆ ఇబ్బందే మన పెద్దవాళ్ళ ఇళ్ళలో వడ్రంగికీ వచ్చిందని నాకనిపిస్తుంది. ఆ వడ్రంగి చేసిన ఉపాయమే నాలుగు రెక్కల కిటికీ.

మీలో చాలామంది ఇళ్ళలో అది ఉండే ఉంటుంది. పైన రెండు రెక్కలు, కింద రెండు రెక్కలు, మధ్యలో అడ్డపట్టీ, నిలువునా ఇనుప ఊచలు. మా వైపు అడవి దగ్గర కాబట్టి పాత ఇళ్ళకు చౌకట్టు, రెక్కలు అన్నీ టేకువే. పైవి గాలికి తెరిచి పెట్టి కిందివి మూసేస్తే, లోపల కూర్చున్నవాళ్ళు వీధిలోకి కనిపించరు. వాళ్ళకూ వీధి కనిపించదు. బి.ఏ.లో మా మేడమ్ చెప్పినవి ఇప్పుడు గుర్తొస్తున్నాయి. వాతాయనం అంటే గాలి వచ్చే దారి, గవాక్షం అంటే ఆవు కన్ను. ఇంగ్లీషు విండో కూడా 'గాలి కన్ను' అనే పాత మాటలోంచే వచ్చిందట. మన నాలుగు రెక్కల కిటికీ గాలిని ఉంచుకుని కన్నును మూసేసింది!

ఇక్కడ ఒకటి చెప్పాలి. ఆడవాళ్ళందరికీ కిటికీ గొడవ ఉండేదని కాదు. దుమ్ముగూడెం, చింతూరు వైపు కోయ గూడేల్లో నేను చూసిన పాత ఇళ్ళు వెదురు తడికకు మట్టి పూసినవి, చాలావాటికి కిటికీలే లేవు. కప్పుకీ గోడకీ మధ్య సందులోంచి గాలి ఆడుతుంది. వంట, దంపుడు, ముచ్చట్లు అన్నీ ముంగిట్లో, పందిరి కింద. పొద్దున్నే పొలానికో అడవికో పోయే మనిషికి లోపల కూర్చుని బయటికి చూసే పనేముంది? అక్కడ నా ఫోన్ సంచిలోనే ఉండిపోయింది.

ఖమ్మంలో పాత వీధుల్లో తీస్తుంటే మాత్రం తమాషాలు జరుగుతాయి. ఒకావిడ గబగబా బయటికొచ్చి "రోడ్డు వెడల్పు చేస్తున్నారామ్మా?" అని అడిగింది. ఇంకో ఇంట్లో పెద్దాయన కాగితాలు చూపించడానికి లోపలికి వెళ్ళబోయాడు. అప్పటినుంచి ముందు తలుపు కొట్టి, కిటికీ బాగుంది తీసుకుంటానని చెప్పి, మంచినీళ్ళు ఇస్తే తాగి, ఆ తర్వాతే తీస్తున్నాను. మనుషులున్న ఇంటి కిటికీని చెప్పకుండా తీస్తే అది తొంగిచూడటమే. పాడుబడ్డ ఇళ్ళకు అడిగేవాళ్ళుండరు గానీ పాములుంటాయి, కందిరీగలుంటాయి, ఊడిపడే దూలాలుంటాయి. నేను బయటినుంచే తీస్తాను. బయటినుంచి కిటికీ నల్లగా వస్తుంది, లోపలినుంచి తెల్లగా వస్తుంది. తెరమీద ఊచల దగ్గర వేలుపెట్టి వెలుగు సర్దుకుంటే రెండూ కొంత దారికొస్తాయి. ఎండ ఏటవాలుగా ఉండే పొద్దుటి పూట మంచిది, చెక్క మీద గీతలు కూడా లేచి కనిపిస్తాయి.

ఇల్లందులో పెదనాన్నగారి పాత క్వార్టరు అలాగే తీశాను. అక్కడ బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. మా చిన్నప్పుడు ఆ వరసల్లో బొగ్గు పొయ్యిల మీదే వంట. ఇప్పుడా వరసలో ఎవరూ లేరు. కప్పులు పోయాయి. కానీ ప్రతి ఇంటికీ వెనక కిటికీ మీద, గోడకు, పైకి వెడల్పవుతూ ఒక నల్ల మచ్చ ఉంది. వెళ్ళిపోయిన ఇంట్లో వంటగది ఎక్కడో వెతుక్కోనక్కర్లేదు. మా పెద్దమ్మ ఆ పొగ మింగే దగ్గు తెచ్చుకుంది.

సరే, పిన్ని కిటికీ దగ్గరికి వస్తాను. వరద తర్వాత తీసిన ఆ ఫోటోను ఇంటికొచ్చాక పెద్దది చేసి చూస్తుంటే ఒకటి కనబడింది. నీళ్ళకు రంగు పొరలు ఉబ్బి లేచాయి. నీలం కింద ఆకుపచ్చ, దాని కింద ఇటుకరంగు. పై రెక్కల అంచుల్లో రంగు అరిగి చెక్క నున్నగా తేలింది, గడియ మెరుస్తోంది. కింది రెక్కలు రెండూ కలిసే గీత మీద మాత్రం మూడు రంగులూ తెగకుండా ఒకే పొరగా ఉన్నాయి. గడియ కూడా రంగులోనే మునిగిపోయింది. అంటే మూడుసార్లు రంగు వేసినన్ని ఏళ్ళూ ఆ రెక్కలు ఎవరూ తెరవలేదు.

ఫోన్ చేసి అడిగాను. ఎదురుగా రచ్చబండ, మగవాళ్ళు కూర్చుంటారు కాబట్టి కిందివి తెరవద్దని అత్తగారు మొదటి రోజే చెప్పిందట. "మరి ఆవిడ పోయి పదిహేనేళ్ళయింది కదా పిన్నీ?"

కాసేపు మాట్లాడలేదు. "ఎవరూ వద్దనలేదే. నేనే తెరవలేదు" అంది. తర్వాత తనే చెప్పింది. పిల్లలు బడినుంచి వచ్చే వేళకు పీట వేసుకుని, దానిమీద నిలబడి పై రెక్కల్లోంచి చూసేదట. మా తమ్ముడు ఇంజనీరింగుకు వెళ్ళేదాకా ఆ పీట కిటికీ కిందే ఉండేది. చిన్నప్పుడు ఆ పీట మీద కూర్చుని నేను ఎన్నోసార్లు మరమరాలు తిన్నాను. అదక్కడ ఎందుకుందని ఒక్కసారీ అడగలేదు.

ఆ మరుసటి ఏడు ఊరు ఖాళీ చేసి జంగారెడ్డిగూడెం వైపు కట్టిన కాలనీకి మారారు. ముంపు ఊళ్ళలో అందరూ చేసినట్టే వీళ్ళూ తలుపులు, దూలాలు, కిటికీలు ఊడదీసి ట్రాక్టరులో వేశారు. టేకును నీళ్ళకు వదిలిపెట్టేదెవరు? వీధి కిటికీని పెకలిస్తుంటే చౌకట్టు మెలితిరిగి, కింది రెక్కలు టక్కున విచ్చుకున్నాయట. వడ్రంగి వాటిని తాడుతో కట్టబోతే పిన్ని వద్దంది.

కాలనీ ఇంటికి కిటికీలు ముందే ఉన్నాయి, కొలతలు వేరు. ఇది పట్టలేదు. కొన్నాళ్ళు మంచం కింద ఉంది, కొన్నాళ్ళు మేడమీద ఎండింది. మొన్న మేం వెళ్ళేసరికి పెరట్లో రెండు రాళ్ళ మీద నిలబెట్టి, రెండు కర్రలు ఆనించి, బీరపాదు పాకించింది. తీగ కింది రెక్కల్లోంచి దూరి ఊచలు పట్టుకుని పైకి పోతోంది. ఫోటో తీస్తానంటే "ఉండవే, చీర మార్చుకుని వస్తా" అని లోపలికి పరుగెత్తింది. కిటికీకి చీరెందుకు పిన్నీ అన్నాను గానీ వినిపించుకోలేదు. వచ్చి కిటికీకి అవతలివైపు పీట వేసుకుని కూర్చుంది. పొద్దు ఆమె వెనకే ఉంది, మొహం నల్లగా పడింది. అలాగే ఉంచాను.