ఇత్తడి గిన్నెలో కాగిన పాలు

మా అమ్మమ్మల తరంలో పసివాడి పొట్ట ఉబ్బుగా, గట్టిగా తగిలితే ఇంటిల్లిపాదికీ గుండె జారిపోయేది. బళ్ళో అడుగుపెట్టని ఆడవాళ్ళ నోట కూడా "లివరు" అనే మాట పలికిందంటే ఆ జబ్బు పెట్టిన భయమే కారణం. జమ్మి వారి లివర్ క్యూర్ పేరు తెలియని పాతకాలపు తెలుగిల్లు తక్కువ.

ఈ జబ్బు గురించి 1887లోనే కలకత్తాలో సేన్ అనే వైద్యుడు రాశారు. తర్వాత దీనికి ఇండియన్ చైల్డ్‌హుడ్ సిర్రోసిస్ అని పేరు స్థిరపడింది. ఎక్కువగా ఏడాది నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకి వచ్చేది. మొదట చిరాకు, ఆకలి లేకపోవడం. తర్వాత లివరు పెరిగి గట్టిపడేది. ఆపైన కామెర్లు, పొట్టలో నీరు. చాలామంది కొన్ని నెలల్లోనే పోయేవారు.

చిత్రమేమిటంటే, ఇది తిండికి లేని ఇళ్ళకన్నా పాడి ఉన్న, కాస్త కలిగిన ఇళ్ళలోనే ఎక్కువ కనిపించింది. ఒకే తల్లి బిడ్డలు ఇద్దరు ముగ్గురికి వచ్చిన ఇళ్ళూ ఉన్నాయి. అందుకే వంశంలో ఉందేమో అనుకున్నారు. బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లి పైగా ఎన్ని మాటలు పడి ఉంటుందో!

1970లలో ఈ పిల్లల లివరులో రాగి విపరీతంగా పేరుకుందని తేలింది. అదెక్కడిదో పుణేలో వెతికారు డాక్టర్ షీలా భావే, డాక్టర్ ఆనంద్ పండిట్, ఇంగ్లండుకు చెందిన డాక్టర్ స్టువర్ట్ టానర్. పిల్లలకి ఏం పట్టారు, ఎందులో కాచారు అని తల్లులను అడిగారు. జవాబు వంటింట్లోనే దొరికింది. చిన్నతనంలోనే పోతపాలు మొదలుపెట్టడం, ఆ పాలను రాగి, ఇత్తడి గిన్నెల్లో కాచి నిలవ ఉంచడం. 1983లో ఈ సంగతి లాన్సెట్ పత్రికలో వచ్చింది.

ఇత్తడిలో సగానికి పైగా రాగే. కళాయి పూత ఉన్నన్నాళ్ళూ కొంత అడ్డు. అది అరిగిపోతే రాగి పాలలోకి దిగుతుంది, పాలలోని మాంసకృత్తులకి అంటుకుంటుంది. అదనపు రాగిని పైత్యరసంతో బయటకు పంపే శక్తి పసివాళ్ళ లివరుకి ఇంకా సరిగా ఉండదు. అలా తాగిన పిల్లలందరికీ జబ్బు రాలేదు కనుక, కొందరికి పుట్టుకతోనే రాగిని తట్టుకునే శక్తి తక్కువేమోనని కూడా భావించారు.

ఇది మన దేశానికే పరిమితం కాదు. ఆస్ట్రియాలోని టైరోల్ కొండప్రాంతంలో 1900 నుంచి 1974 వరకు 138 మంది పసిపిల్లలు ఇలాంటి జబ్బుతోనే పోయారు. అక్కడా ఆవుపాలను రాగి గిన్నెల్లోనే కాచేవారు. గిన్నెలు మారాక జబ్బు మాయమైంది.

పెన్సిలమిన్ అనే మందు తొలిదశలో ఇస్తే కొందరు బతికారు. కానీ అసలు మేలు స్టీలు గిన్నె వల్లే జరిగింది. ఇత్తడి అటకెక్కాక ఈ జబ్బు కూడా అరుదైపోయింది.

ఇప్పుడు ఇత్తడి సామాను మళ్ళీ ముచ్చటగా కొంటున్నాం. పూజకీ, అలంకారానికీ నిక్షేపంగా వాడుకుందాం. చంటిబిడ్డ పాలు మాత్రం అందులో కాచొద్దు, పోసి ఉంచొద్దు. పాతవన్నీ మంచివేనని ఎవరైనా పెద్దవాళ్ళు పట్టుబడితే, కోపం తెచ్చుకోకుండా ఈ కథ చెప్పండి. వాళ్ళలో చాలామందికి అలా పోయిన పసివాళ్ళు ఇంకా గుర్తుంటారు.