ఢిల్లీ – శాన్ ఫ్రాన్సిస్కో: విమాన దూరం ఎంత? ప్రయాణ సమయం ఎంత?

ఢిల్లీ నుంచి అమెరికా పశ్చిమ తీరంలోని శాన్ ఫ్రాన్సిస్కోకు భూగోళంపై అతి దగ్గరి దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా వెళ్లే విమానానికి సాధారణంగా 15 నుంచి 16 గంటలు పడుతుంది. అయితే విమానం నిజంగా ఎగిరే దూరం ఇంతకంటే ఎక్కువ. దానిని నిర్ణయించేవి పర్వతాలు, గాలులు, దేశాల మధ్య సంబంధాలు.

అతి దగ్గరి దారి

గోడకు వేలాడే ప్రపంచ పటంలో శాన్ ఫ్రాన్సిస్కో ఢిల్లీకి పడమర దిక్కున, అట్లాంటిక్‌కు ఆవల కనిపిస్తుంది. గ్లోబుపై ఈ రెండు నగరాలను దారంతో కలిపితే మాత్రం ఆ దారం ఉత్తరానికి సాగుతుంది. హిమాలయాలు, టిబెట్, సైబీరియా దాటి, ఆర్కిటిక్ అంచును తాకి, అలాస్కా మీదుగా దక్షిణానికి దిగుతుంది.

ఈ దారిని ఉన్నది ఉన్నట్టుగా అనుసరించడం కష్టం. కేబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం వెంటనే సుమారు 10,000 అడుగుల ఎత్తుకు దిగాలి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే 14,000 అడుగులకు పైమాట. అందుకే విమానాలు ఆ ప్రాంతాన్ని చాలావరకు తప్పించి వెళతాయి.

గాలి వాటం

ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఈ నాన్‌స్టాప్ సర్వీసును ప్రారంభించింది. తొలుత విమానం అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు ప్రయాణించేది. 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా వెళ్లినప్పుడు దూరం సుమారు 15,300 కిలోమీటర్లకు పెరిగింది. అయినా పద్నాలుగున్నర గంటల్లోనే గమ్యం చేరింది. ఎత్తైన ఆకాశంలో పడమర నుంచి తూర్పునకు వీచే జెట్ స్ట్రీమ్ గాలులు విమానాన్ని ముందుకు నెట్టడమే ఇందుకు కారణం.

మూసిన గగనతలం

2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా విమానాలకు రష్యా గగనతలం మూసుకుపోయింది. భారతీయ విమానాలకు ఆ అవరోధం లేదు. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానం ఇంజిన్‌లో సాంకేతిక లోపం వల్ల రష్యాలోని మగడాన్‌లో సురక్షితంగా దిగింది. అందులోని 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది మరో విమానం వచ్చేవరకు అక్కడే ఉండవలసి వచ్చింది. 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ భారతీయ విమానాలకు తన గగనతలాన్ని మూసివేయడంతో పడమటి మార్గాలు మరింత పొడవయ్యాయి.

ప్రయాణికుల గడియారం

శాన్ ఫ్రాన్సిస్కో కాలమానం భారత కాలమానం కంటే శీతకాలంలో పదమూడున్నర గంటలు, వేసవిలో పన్నెండున్నర గంటలు వెనుక ఉంటుంది. వేసవిలో ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకు ఢిల్లీలో బయలుదేరి 16 గంటలు ప్రయాణించినవారు అక్కడ అదే ఆదివారం ఉదయం 7.30కు దిగుతారు. టికెట్‌పై ముద్రించే సమయాలు ఆయా నగరాల స్థానిక సమయాలే. తెలుగు రాష్ట్రాల నుంచి సిలికాన్ వ్యాలీకి వెళ్లే విద్యార్థులు, ఉద్యోగులు, పిల్లలను చూడటానికి బయలుదేరే తల్లిదండ్రులు ఢిల్లీలో విమానం మారేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. ప్రయాణ వ్యవధిని విడిగా చూసుకుని మందులు, భోజనం వేళలను ఆ లెక్కన సర్దుకోవడం మేలు.