‘కృష్ణవేణి’ అడిగిన ప్రశ్న

ఈ ప్రత్యేక సంచికకు పాత సినిమా చరిత్ర ఏదైనా రాయమంటే నాకు ముందుగా తోచినది 1974లో విడుదలైన ‘కృష్ణవేణి’. కథానాయిక మన నెల్లూరు ఆడపడుచు వాణిశ్రీ. దర్శకులు వి. మధుసూదనరావుగారు. కృష్ణంరాజుగారి గోపీకృష్ణా మూవీస్ సంస్థకు ఇదే తొలి చిత్రం.

మనోవ్యాధిపై తెలుగులో అంతకుముందే, 1960లో, ‘చివరకు మిగిలేది’ వచ్చింది. అది బుచ్చిబాబుగారి నవల కాదు, ఒక బెంగాలీ చిత్రానికి తెలుగు రూపం. రోగుల మనసు కుదుటపరచబోయి తానే మతి తప్పిన నర్సుగా సావిత్రి నటించారు. ఆ కథ ఆసుపత్రిలో ముగుస్తుంది. ‘కృష్ణవేణి’ కథ ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తుంది.

దీనికి మూలం కన్నడ రచయిత్రి త్రివేణి నవల ‘శరపంజర’. 1971లో పుట్టణ్ణ కణగాల్ దానిని కన్నడంలో చిత్రంగా తీశారు. కాన్పు తర్వాత మతి చలించిన ఇల్లాలు నయమై తిరిగి వస్తుంది. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. ఆమె నవ్వినా, కోపగించినా అందరికీ అనుమానమే. రోగం మందుకు లొంగింది గాని, ‘పిచ్చిది’ అన్న పేరు లొంగలేదు.

ఆ రోజుల్లో నేను ఆరోగ్యశాఖలో, మన సముద్రపు ఒడ్డు పల్లెల్లో పనిచేసేవాణ్ణి. బాలింత మాట తడబడితే ‘గాలి సోకింది’ అనేవారు. కొందరు ఎ.ఎస్.పేట దర్గాకు మొక్కుకునేవారు. ఆసుపత్రి అంటే మద్రాసు కీల్పాకే. అక్కడ నయమై వచ్చిన ఒక తల్లిని బిడ్డను ఎత్తుకోనిచ్చేవారు కారు. ‘మందులు మింగతానే ఉండాను గదా సార్, నా బిడ్డను నాకెందుకియ్యరు?’ అని అడిగింది. వాళ్ళ అత్తకు ఎన్నోసార్లు చెప్పి చూశాను. పక్కన కూర్చోనివ్వడం వరకే ఆమె ఒప్పుకొంది.

ఈ జబ్బు వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది. ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే బయటపడుతుంది. వెంటనే వైద్యం అందితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. చట్టం కూడా మారింది. ఆ సినిమా నాటికి 1912 నాటి ఉన్మాదుల చట్టమే అమలులో ఉండేది. 1987 చట్టం 1993లో దాని స్థానంలోకి వచ్చింది. 2018 నుంచి అమలవుతున్న 2017 చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. 2022లో ప్రారంభమైన ‘టెలి మానస్’ 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే సలహా చెబుతారు.

చట్టం గొలుసు విప్పగలదు గాని, ఇంట్లోవాళ్ళ చూపు మార్చలేదు. ఆ పని మన వంటి పెద్దలది. కోడలో, కూతురో, మనుమరాలో ఆసుపత్రి నుంచి తిరిగి వస్తే బిడ్డను ముందుగా ఆమె చేతికి అందించండి. తోడుగా మీరు పక్కనే ఉండండి. మందులు మానకుండా చూడండి.