ఒడ్డు దాటాక ఫోన్ సిగ్నల్ ఎంత దూరం వస్తుంది? నదిలో, సముద్రంలో అక్కరకొచ్చే సేవలివే

పెద్దమందడి, వనపర్తి వైపు నుంచి సోమశిల వెళ్లి కృష్ణా నదిలో లాంచీ ఎక్కాలనుకునేవారికైనా, విశాఖలో క్రూయిజ్ ఎక్కాలనుకునేవారికైనా ఒకటే ధీమా: ఏదైనా అయితే ఫోన్ ఉంది కదా అని. నీటి మీద ఆ ధీమా కొంత దూరమే. సిగ్నల్ ఎక్కడ ఆగుతుంది? ఆ తర్వాత ఏవి పనిచేస్తాయి?

సిగ్నల్ ఎందుకు పోతుంది?

ఫోన్‌కు సిగ్నల్ వచ్చేది ఒడ్డున ఉన్న టవర్ నుంచి. భూమి గుండ్రంగా ఉండటంతో దూరం పెరిగేకొద్దీ టవర్ నీటి అంచు కిందికి దిగిపోతుంది. 40 మీటర్ల టవర్ నుంచి పడవలో ఉన్న ఫోన్‌కు లెక్క ప్రకారం 30 కిలోమీటర్ల వరకు తరంగాలు అందాలి. కానీ టవర్ యాంటెన్నాలను ఊళ్ల వైపు తిప్పి, కిందికి వంచి పెడతారు. పైగా ఫోన్ నుంచి టవర్‌కు వెళ్లే సిగ్నల్ చాలా బలహీనం. అందుకే తీరం నుంచి 10-12 కిలోమీటర్లు దాటితే మత్స్యకారులకు ఫోన్ ద్వారా సమాచారం అందడం లేదని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. మాటలకన్నా ముందు ఆగిపోయేది డేటా.

నదిలో ఒడ్డు దగ్గరే కదా, అక్కడెందుకు రాదు?

నదిలో అడ్డం దూరం కాదు, కొండలు. సోమశిల నుంచి శ్రీశైలం వెళ్లే దారి నల్లమల కొండల మధ్య సాగుతుంది. ఒక్క మలుపు తిరిగితే చాలు, టవర్ కొండ చాటుకు వెళ్లిపోతుంది. అడవిలో టవర్లూ తక్కువే.

దీని తీవ్రత గోదావరిలో కనిపించింది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్తున్న రాయల్ వశిష్ట బోటు కచ్చులూరు వద్ద మునిగింది. అందులో 77 మంది ఉండగా 26 మంది బయటపడ్డారు. సిగ్నల్ సరిగా లేని ఆ చోట ముందుగా పడవలు వేసుకెళ్లి కాపాడింది తూటుగుంట గ్రామస్థులే.

నడిసముద్రంలో మత్స్యకారులకు హెచ్చరికలు ఎలా అందుతాయి?

2017 నవంబరు చివర్లో ఓఖీ తుపాను వచ్చేనాటికి కేరళ, తమిళనాడు మత్స్యకారులు చాలామంది లోతు సముద్రంలో ఉన్నారు. వారికి కబురు పంపే మార్గం లేకపోయింది. ఆ తర్వాతే ఉపగ్రహ సేవలపై దృష్టి పెరిగింది. ఇప్పుడున్నవి ప్రధానంగా మూడు.

జెమిని: హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి తెచ్చిన చిన్న పరికరం ఇది. 2019 అక్టోబరులో ప్రారంభించారు. గగన్ ఉపగ్రహాల ద్వారా వచ్చే తుపాను హెచ్చరికలను, చేపలు దొరికే చోట్ల వివరాలను తీసుకుని బ్లూటూత్‌తో ఫోన్‌కు పంపుతుంది. అయితే సమాచారం వస్తుందే తప్ప ఇటు నుంచి తిరిగి పంపలేం.

ట్రాన్స్‌పాండర్: ఇస్రో సాంకేతికతతో తయారైంది. దీంతో పడవ ఎక్కడుందో ఒడ్డున తెలుస్తుంది, రెండు వైపులా చిన్న సందేశాలు పంపుకోవచ్చు. లక్ష పడవలకు వీటిని ఉచితంగా అమర్చే పథకాన్ని 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించారు.

డాట్: ఆపదలో మీట నొక్కితే పడవ ఉన్న చోటును ఉపగ్రహం ద్వారా రక్షణ కేంద్రానికి చేర్చే పరికరం. 2010 నుంచి వాడుకలో ఉంది.

శాటిలైట్ ఫోన్ కొనుక్కోవచ్చా?

ఇష్టమొచ్చినట్టు కుదరదు. విదేశాల నుంచి తెచ్చిన తురాయా, ఇరిడియం ఫోన్లను అనుమతి లేకుండా వాడితే మన దేశంలో నేరం. బీఎస్ఎన్ఎల్ ద్వారా తీసుకునే ఇన్‌మార్‌శాట్ సేవకు మాత్రం చట్టబద్ధమైన దారి ఉంది.

క్రూయిజ్ షిప్‌లో ఇంటర్నెట్ ఉంటుందా?

2018 డిసెంబరులో కేంద్రం తెచ్చిన నిబంధనలతో మన సముద్ర జలాల్లోని ఓడల్లో ఉపగ్రహం ద్వారా ఇంటర్నెట్ ఇవ్వడానికి వీలు కలిగింది. షిప్ వైఫైకి సాధారణంగా వేరే ప్యాకేజీ కొనాలి. మరో జాగ్రత్త కూడా అవసరం. ఓడలో సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటే రోమింగ్ ఆన్‌లో ఉన్న మీ ఫోన్ దానికి కలిసిపోయి భారీ బిల్లు రావచ్చు. ఓడ ఎక్కగానే ఫ్లైట్ మోడ్ పెట్టి, కావాలంటే వైఫై ఒక్కటే ఆన్ చేసుకోవాలి.

డేటా లేకపోతే జీపీఎస్ కూడా ఆగిపోతుందా?

ఆగదు. జీపీఎస్ నేరుగా ఉపగ్రహాల నుంచి పనిచేస్తుంది. ఆగేది మ్యాప్ బొమ్మ మాత్రమే. ముందే ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకుంటే మీరెక్కడున్నారో తెలుస్తూనే ఉంటుంది. దీని విలువ ఉత్తరాంధ్ర మత్స్యకార కుటుంబాలకు బాగా తెలుసు. గుజరాత్‌ నుంచి వేటకు వెళ్లి సరిహద్దు దాటారంటూ 2018 నవంబరులో పాకిస్థాన్ పట్టుకున్నవారు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు.

బయల్దేరే ముందు ఏం చేయాలి?

- ఎక్కడికి వెళ్తున్నారు, ఎప్పటికి తిరిగొస్తారు అన్నది ఒడ్డున ఒకరికి చెప్పండి. ఆ వేళకు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా చెప్పి ఉంచండి.
- నంబర్లు రాసి పెట్టుకోండి: తీర రక్షక దళం 1554, తీర భద్రత పోలీసులు 1093, ఇతర అత్యవసరాలకు 112. మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే 112 కలుస్తుంది. ఏ టవరూ అందకపోతే అదీ కలవదు.
- సిగ్నల్ కోసం వెతుకుతూ ఫోన్ త్వరగా చార్జింగ్ అయిపోతుంది. సిగ్నల్ లేని చోట ఫ్లైట్ మోడ్ పెట్టండి. పవర్‌బ్యాంక్, నీళ్లు చొరని కవరు వెంట ఉంచుకోండి.
- సిగ్నల్ తక్కువున్న చోట కాల్ కలవకపోయినా ఎస్ఎంఎస్ వెళ్లే అవకాశం ఉంది.
- ఆ రోజు వాతావరణ హెచ్చరికను ఒడ్డు మీదే చూసుకోండి.

లాంచీ ఎక్కగానే అడగాల్సింది వైఫై గురించి కాదు, లైఫ్ జాకెట్ గురించి. అది తొడుక్కున్నాకే ఫోన్ సంగతి.