ముడి లేకుండా అల్లుకున్న గొలుసు

రబ్బరు, దూది, పట్టు లోపల ఎలా ఉంటాయన్నదాని మీద 1920ల్లో జర్మనీ రసాయన శాస్త్రజ్ఞుల మధ్య పెద్ద పోరే సాగింది. చిన్న అణువులు బలహీనమైన ఆకర్షణతో గుంపుకట్టి ఇవి ఏర్పడ్డాయని పేరున్న పండితులు చాలామంది నమ్మేవారు. హెర్మన్ స్టాడింగర్ ఒప్పుకోలేదు. వేల ముక్కలు గట్టి రసాయన బంధాలతో ముడిపడిన పొడవాటి గొలుసులివి అన్నాడు. ఏళ్ల తరబడి ఎదురీది నెగ్గాడు, చివరికి నోబెల్ కూడా అందుకున్నాడు. గుంపుల వాదం అటకెక్కింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఎవరూ వెతకని చోట, నిజంగానే అలాంటి గుంపు ఒకటి బయటపడింది. అదీ వెలుగుతూ!

ఆ చోటు ఫోటో ఫిల్ము. ఫిల్ములోని వెండి లవణాలు నీలి కాంతికే బాగా స్పందిస్తాయి. పచ్చ, ఎరుపు కూడా పట్టాలంటే వాటికి తగిన రంగు పదార్థం కలపాలి. ఈ కిటుకు 1873లో బెర్లిన్‌లో హెర్మన్ వోగెల్‌కు అనుకోకుండా దొరికింది. అప్పటి నుంచి ఇందుకు పనికొచ్చే సయనిన్ జాతి రంగుల గుణాలు తెలుసుకోవడం ఫిల్ము పరిశ్రమకు అత్యవసరమైంది.

మ్యూనిక్‌లో గుంటర్ షీబే ఆ జాతికే చెందిన సూడోఐసోసయనిన్‌ను నీటిలో కరిగించి పరీక్షిస్తున్నాడు. పలచటి ద్రావణం 525 నానోమీటర్ల దగ్గర పచ్చ కాంతిని వెడల్పాటి పట్టీగా పీల్చుకునేది. అందులో వింతేమీ లేదు. గాఢత పెంచితే ఆ పట్టీ ముదరాలి, అంతే. కానీ 573 దగ్గర సూదిమొనలాంటి కొత్త గీత లేచింది. వేడి చేస్తే మాయమైంది, చల్లారితే మళ్లీ వచ్చింది. కల్తీ అయితే అలా వచ్చిపోదు కదా! రంగు అణువులు జతకడతాయని అప్పటికే తెలుసు. అయితే జతల పట్టీ వెడల్పుగా, వేరే చోట ఉంటుంది. ఇంత సన్నటి గీతకు ఆ వివరణ చాలలేదు.

అదే రోజుల్లో, 1936లో ఇంగ్లండులోని హారోలో, కొడాక్ పరిశోధనశాలలో ఎడ్విన్ జెల్లీకీ అదే గీత కనబడింది. ద్రావణంలో మామూలు ఉప్పు వేస్తే అది ఇంకా తేలిగ్గా వచ్చింది. అంతకన్నా వింత, ద్రావణం వెలగడం. రంగు అణువులు కిక్కిరిస్తే సాధారణంగా వాటి ప్రతిదీప్తి ఆరిపోతుంది. ఇవి గుమికూడాకే వెలిగాయి. పైగా పీల్చుకున్న రంగులోనే దాదాపు తిరిగి వెలిగాయి.

1937లో షీబే సాహసించాడు. ఈ అణువుల గుంపులు తిరిగి విడిపోగల పాలిమర్లని ప్రకటించాడు. పాలిమరంటే గట్టి బంధాల గొలుసేనని లోకం అప్పుడప్పుడే ఒప్పుకుంటున్న వేళ ఆ మాట అనడానికి గుండె ధైర్యం కావాలి. సాక్ష్యం ఆయన చేతిలో ఉంది. ద్రావణం చిక్కబడేది, పారించినప్పుడు పొడవాటి పోగులు ఒకే దిశకు తిరిగేవి. 1939లో ఆయన బృందం ఇంకో విశేషం చూసింది. మరో పదార్థం అతి కొద్దిగా కలిపినా వెలుగు మొత్తం ఆరిపోయేది. అంటే ఒక అణువు అందుకున్న శక్తి ఆ చోటే ఉండిపోకుండా వరుస వెంట ప్రయాణిస్తోందన్నమాట! ఈ కథలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ ప్రయోగమే.

ఎందుకు వెలుగుతోందో తేలడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. 1950ల చివర, 1960ల తొలినాళ్లలో అమెరికాలో మైకేల్ కాషా లెక్కకట్టి చూపాడు. అణువులు నిటారుగా దొంతరపడితే వెలుగు అణగిపోతుంది. కాస్త జరిపి పేర్చిన పేకముక్కల్లా ఏటవాలుగా చేరితే కాంతి స్వేచ్ఛగా బయటికొస్తుంది.

ఇలా గట్టి బంధాల్లేకుండా చేరే అణు సమూహాల రసాయనానికి 1987లో జాన్ మరీ లేన్, మరో ఇద్దరు నోబెల్ అందుకున్నారు. 1990లో లేన్ బృందం హైడ్రోజన్ బంధాలతో అల్లుకునే పాలిమర్లను కావాలని నిర్మించి చూపింది. 2001లో తిరువనంతపురంలో అజయఘోష్ బృందం వెలిగే అణువులు తమంతట తామే అల్లుకుని జెల్‌గా గడ్డకట్టేలా చేసింది.

మ్యూనిక్, హారోల్లో కనబడిన గుంపులను నేడు జెల్లీ పేరిట జె-అగ్రిగేట్లంటున్నారు. అది న్యాయమే. కానీ అవి పాలిమర్లేనని తొలిసారి గుర్తించినవాడు షీబే. గట్టి బంధాల్లేకుండా అల్లుకునే ఇలాంటి గొలుసుల, అంటే సూప్రామాలిక్యులర్ పాలిమర్ల చరిత్ర రాసేవారు 1990 నుంచి కాదు, 1937 నుంచి మొదలుపెట్టాలి.